మా కాలనీ వాననీటి చెరువు ఒడ్డు: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి

గుంటూరు ఇన్నర్ రింగ్ రోడ్డుకు అవతల, ఒకప్పుడు పత్తి, మిర్చి పండిన నల్లరేగడి మీద వేసిన కాలనీ మాది. లేఅవుట్ వేసినప్పుడు పల్లపు మూలన వదిలిన స్థలంలో వాననీటి చెరువు తవ్వారు. నాలుగు వీధుల డ్రైన్ల నీళ్ళు రెండు పైపుల గుండా ఇందులోకి వస్తాయి. దక్షిణం మూల తూము, దానికి ఇనప షట్టర్. అక్కడి నుంచి నీళ్ళు మెయిన్ డ్రైన్‌లో కలుస్తాయి. కుండపోత వాన పడిన గంటలో వీధుల్లో నిలవాల్సిన నీళ్ళను తనలో పట్టి ఉంచుకుని, తర్వాత నెమ్మదిగా వదలడమే ఈ చెరువు పని. 2024 ఆగస్టు 31న, సెప్టెంబర్ 1న పడిన వానలకు విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ఆ రెండు రోజులూ మా వీధుల్లో మోకాలి లోతు నీళ్ళు పారాయి గానీ ఇళ్ళలోకి రాలేదు. అది ఈ చెరువు చలవే. దీని ఒడ్డు ఏటా విరిగి పడుతుంటే నాకు ప్రాణం ఒప్పలేదు.

పడమటి ఒడ్డు పరిస్థితి అన్నిటికంటే దారుణం. దాదాపు రెండు వందల అడుగుల పొడవున ఒడ్డు గోడలా నిట్టనిలువుగా తెగిపోయింది. కొన్నిచోట్ల మోకాలెత్తు, కొన్నిచోట్ల ఛాతీ ఎత్తు. వాకింగ్ ట్రాక్ టైల్స్ కింద మట్టి పోయి, అంచు టైల్స్ గాల్లో వేలాడుతున్నాయి. ఒక లైటు స్తంభం నీళ్ళ వైపు ఒరిగింది. పడిన మట్టి ఎక్కడికీ పోదు, చెరువు అడుగునే పేరుకుంటుంది. చూసేవాళ్ళకు చెరువు పెద్దదవుతున్నట్టే ఉంటుంది, పట్టే నీళ్ళు మాత్రం తగ్గుతాయి.

కాలనీ సంఘం మీటింగులో అందరి మాటా ఒకటే: రాతి రివిట్‌మెంట్, అంటే ఒడ్డుకు రాళ్ళ గోడ తొడుగు, కట్టించేద్దాం. ఒక కాంట్రాక్టరు అంచనా కూడా ఇచ్చాడు. మట్టి ఎందుకు పడుతోందో తేల్చుకోవడానికి నెల రోజులు గడువు అడిగాను. ఇచ్చారు.

మార్చి

మా వీధిలోనే నాగార్జునసాగర్ కుడి కాలువ మీద చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైన అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) గారు ఉన్నారు. ఆయన్ని ఒడ్డుకు తీసుకెళ్ళాను. ఆయన ముందు నీళ్ళ వైపు చూడలేదు, కాళ్ళ కింద నేల చూశారు. అంచుకు రెండడుగుల ఇవతల, ఒడ్డు పొడుగునా, అప్పటికే ఒక సన్నని నెర్రె మొదలైంది.

"ఇది అల కొట్టిన కోత కాదమ్మా. అల లేవాలంటే గాలికి నీళ్ళ మీద పరుగెత్తే దూరం కావాలి. ఇంత చిన్న చెరువులో ఆ దూరమేదీ?" అన్నారు.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఇందులో ఉండే మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమట్టి ఖనిజం తన పొరల మధ్య నీళ్ళను పట్టుకుంటుంది. ఏప్రిల్, మే ఎండలకు ఆ నీళ్ళు పోయి నేల నెర్రెలు విచ్చుతుంది. మూడడుగుల లోతుకు దిగే నెర్రెలు కూడా ఉంటాయి. చెరువు ఒడ్డుకు ఒక పక్క ఆధారం లేదు కాబట్టి నెర్రె అటు వైపే వెడల్పవుతుంది. జూన్‌లో తొలివాన నీళ్ళు నేరుగా అందులోకి దిగుతాయి. అప్పుడు ఒడ్డు కోసిన జున్నుముక్కలా నిలువునా విడిపోయి చెరువులోకి ఒరుగుతుంది. మా ఒడ్డు ఎక్కువగా జూన్, జులైలోనే ఎందుకు పడుతుందో నాకు ఆ రోజు అర్థమైంది. అప్పటికి చెరువులో నీళ్ళు కూడా పెద్దగా ఉండవు.

సెప్టెంబర్, అక్టోబర్‌లో పడే మట్టికి కారణం వేరు. పెద్ద వాన వెలిశాక "షట్టర్ మొత్తం ఎత్తేయండి" అని ఫోన్లు మొదలవుతాయి. ఎత్తేస్తారు. కొన్ని గంటల్లో నీళ్ళు దిగిపోతాయి. ఒడ్డు మట్టి లోపల మాత్రం ఇంకా నీళ్ళు నిండి బరువుగా ఉంటుంది. అప్పటిదాకా చెరువు నీళ్ళు ఎదురుగా ఆనుకుని ఆ బరువును ఆపాయి. ఆ ఆసరా ఒక్కసారిగా తీసేస్తే ఒడ్డు జారుతుంది. అందుకే వాన కురిసిన రోజు నిలబడిన ఒడ్డు మర్నాడు ఎండ కాశాక పడుతుంది.

ఆ తర్వాత వారం వారం ఒడ్డు చుట్టూ తిరిగి రాసుకున్నవి ఇంకొన్ని ఉన్నాయి. పార్కు శుభ్రంగా కనిపించాలని ఒడ్డు అంచు దాకా గడ్డిమందు కొడుతున్నారు. దానితో గరిక వేర్లు చచ్చి మట్టి ఉత్తగా మిగిలింది. పందికొక్కులు బొరియలు చేశాయి. ఒక బొరియలో కర్ర దూర్చితే నాలుగడుగులూ లోపలికి పోయింది. పడమటి వరస ఇళ్ళలో కొందరు డాబా నీళ్ళ పైపులు గోడ దాటించి ట్రాక్ మీదికి వదిలారు. ఆ నీళ్ళు ఒడ్డు మీంచి దూకే చోటల్లా ఒక గండి. డ్రైన్ పైపుల నోళ్ళ దగ్గర నీటి దూకుడుకు గుంటలు పడ్డాయి.

రాతి గోడ గురించి ఏఈ గారిని సూటిగా అడిగాను. ఆయన అన్నది ఇదీ: నల్లరేగడి ఉబ్బి గోడను వెనక నుంచి తోస్తుంది. గోడ వెనక చేరిన నీళ్ళకు దారి లేకపోతే ఆ ఒత్తిడీ తోడవుతుంది. సందులు వదిలితే, వెనక మట్టిని ఆపే ఇసుక, కంకర పొర (ఫిల్టర్) లేని చోట మట్టి వాటిలోంచి కారిపోయి, రాళ్ళ వెనక డొల్ల మిగులుతుంది. సాగర్ కాలువ నల్లరేగడిలో వెళ్ళే చోట్ల లైనింగ్ కింద ఉబ్బని బంకమట్టి పొర వేసేవారట. ఇంజనీర్లు దాన్ని సీఎన్‌ఎస్ అంటారు. ఐఐటీ బొంబాయిలో ఆచార్య ఆర్.కె. కట్టి గారి పరిశోధన నుంచి వచ్చిన పద్ధతి. ఆ పొర కింది నల్లమట్టిని అదిమి పట్టి ఉంచుతుంది, ఎండకు తేమ ఆరిపోకుండా కాపాడుతుంది. "మనకు కాంక్రీట్ అక్కర్లేదు. వాలు చెయ్యండి, పైన ఎర్రమట్టి కప్పండి, వేరు పట్టించండి" అన్నారు.

ఏప్రిల్

గడువు ముగిసింది. మళ్ళీ మీటింగు. పెద్ద గొడవే జరిగింది, అది ట్రాక్ గురించి. నిలువు ఒడ్డును ఒక అడుగు ఎత్తుకు మూడడుగుల వాలుగా మార్చాలంటే చోటు కావాలి. చెరువు వైపు మట్టి పోసి వాలు చేస్తే బురద మీద కొత్త మట్టి నిలవదు, పైగా చెరువు పట్టు తగ్గుతుంది. కాబట్టి వెనక్కే కోయాలి. అంటే ట్రాక్ ఎనిమిదడుగులు లోపలికి జరగాలి. రోజూ నడిచే పెద్దవాళ్ళకు ఇది నచ్చలేదు. "ఉన్న ట్రాక్ తవ్వేసి చెరువు బాగుచేస్తానంటావేంటమ్మా?" అని ఒకాయన గట్టిగానే అడిగారు. గాల్లో ఉన్న టైల్స్ దగ్గరికి ఆయన్ని తీసుకెళ్ళి, ఒక టైల్ కింద చెయ్యి పెట్టి చూడమన్నాను. మోచేతి దాకా లోపలికి పోయింది. ఆయనే తర్వాత పార్కులో కొత్త ట్రాక్‌కు ముగ్గు పోయించారు.

నగరపాలక సంస్థ ఇంజనీరింగ్ విభాగానికి గీసిన నక్షాతో అర్జీ పెట్టాం. పని మధ్యలో ఇబ్బంది రాకుండా లైటు స్తంభం మార్చడం, షట్టర్ బాగుచేయడం కూడా అందులోనే రాశాం. అనుమతి వచ్చింది.

నక్షాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది నీళ్ళలోని అరుగు. మామూలు నీటిమట్టానికి అడుగు లోతులో, నాలుగైదు అడుగుల వెడల్పున ఒడ్డు వెంబడి ఒక మెట్టు. తుంగ, వస లాంటి నీటి మొక్కలు అక్కడ వేళ్ళూనుకుంటాయి. గాలికి లేచే చిన్న తరగల ఊపు ఆ మొక్కల్లోనే చచ్చిపోతుంది. ఇంకో సంగతి: ఏ పిల్లవాడైనా కాలు జారి పడితే ముందు పిక్కల లోతు నీళ్ళలోనే నిలబడతాడు. ఇప్పటి ఒడ్డు దగ్గర పడితే నేరుగా ఆరడుగుల లోతులోకి. సంఘంలో చిన్న పిల్లల తల్లులంతా ఈ ఒక్క మాటకే ఒప్పుకున్నారు.

మే మొదటి పక్షం

నీళ్ళు అడుగంటాయి. పొక్లెయిన్ వచ్చింది. డ్రైవర్ కృష్ణా డెల్టా కాలువల్లో పూడిక తీసిన మనిషి. వాలు కోయడంలో అతని చెయ్యి చాలా నిదానం. గట్టు మీద మూడు కర్రలు పాతి, తాడు కట్టి లెవెల్ చూపిస్తే చాలు, బకెట్ అంచుతో చెక్కుకుంటూ పోయాడు.

మధ్యలో ఒకచోట ఆపించాం. నిలువు ఒడ్డులో, నీటికి మీటరు పైన, పిడికిలి పట్టేంత కన్నం. లకుముకి పిట్ట ఒకటి నోట పురుగుతో అందులోకి దూరుతోంది. ఈ పిట్టలు ఇలాంటి నిలువు మట్టిలోనే సొరంగం తవ్వి గుడ్లు పెడతాయి. మనకు పాడైన ఒడ్డు అయినది దానికి ఇల్లు. అటూ ఇటూ కలిపి ఓ పదిహేను అడుగులు అలాగే వదిలేశాం. పైనుంచి నీళ్ళు దూకకుండా చిన్న కట్ట మాత్రం వేశాం. ఆ ముక్కను ఎప్పటికీ నిలువుగానే ఉంచాలని నా అభిప్రాయం. ఏఈ గారు ఒప్పుకోలేదు, వర్షాకాలం తర్వాత చూద్దామన్నారు.

బొరియలన్నీ తవ్వి, తడిమట్టి పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టించాం. పైపైన మూస్తే పందికొక్కు వారంలో మళ్ళీ తెరుస్తుంది.

రోహిణి కార్తె

ఎండ దంచేస్తోంది. పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా ఆపేస్తున్నాం. కోసిన నల్లరేగడి ముఖం ఈ ఎండకు గంటల్లో నెర్రె తీస్తుంది. అందుకే ఏ రోజు కోసిన ముక్కను ఆ రోజే తడిపి, అడుగు మందం ఎర్రమట్టి గ్రావెల్ పరిచి రోలర్ తిప్పాం. పైన నాలుగంగుళాలు పశువుల ఎరువు కలిపిన మట్టి. ఎరువు మాకు దూరం నుంచి రాలేదు. చెరువు అవతల గేదెలున్న బాబాయి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు.

కొబ్బరిపీచు వలలు కోనసీమ నుంచి లారీలో దిగాయి. చదరపు మీటరుకు 700 గ్రాముల రకం. జనపనార అయితే ఒక వానాకాలానికే కుళ్ళుతుంది. కొబ్బరిపీచులో లిగ్నిన్ ఎక్కువ కాబట్టి రెండు మూడేళ్ళు ఉంటుంది. ఆలోగా వేర్లు అల్లుకుంటే వల పని అయిపోయినట్టే. ప్లాస్టిక్ వల చవక, కానీ అది ముక్కలై చెరువులోనే మిగులుతుంది. వద్దని తీర్మానించాం.

పరిచే పద్ధతి రాస్తాను, ఇది తప్పితే మిగతా పనంతా వృథా. ఒడ్డు పైన అడుగు లోతు కాలువ తవ్వి, వల అంచును అందులోకి దించి, మట్టితో పూడ్చి కొట్టాలి. లేకపోతే పైనుంచి వచ్చే నీళ్ళు వల కిందికి దూరి మట్టిని కోసుకుపోతాయి. అక్కడి నుంచి వలను నీటి వైపు దొర్లించాలి, గట్టిగా లాగకూడదు. వల మట్టికి ఆనుకుని ఉండాలి. లాగితే గుంటల మీద తేలిపోయి, కింద నీటికి దారి ఇస్తుంది. రెండు వలలు కలిసే చోట జానెడు మేర ఒకదాని మీద ఒకటి రావాలి. నీళ్ళు వచ్చే వైపున్న వల పైన ఉండాలి. ఇనప చువ్వను వంచి చేసిన మేకులు మూడడుగులకొకటి దించాం.

వాలు కింద, నీటి అంచున, అడుగు మందం కొబ్బరిపీచు దుంగలు వరసగా పేర్చాం. సగం నీటిమట్టానికి కింద, సగం పైన. సముద్రతీరపు సరుగుడు తోటల నుంచి తెప్పించిన కర్రలను ఐదడుగులుగా కోసి, దుంగకు రెండు వైపులా దింపి, కొబ్బరి తాడుతో అడ్డంగా బిగించాం.

రాయి అసలు వాడలేదని కాదు. పైపుల నోళ్ళ దగ్గర రాయే కావాలి. ముందు ఇసుక, దాని మీద 20 ఎంఎం కంకర, ఆపైన 40 ఎంఎం, చివరగా ఇద్దరు మోస్తే తప్ప కదలని బండలు. నీళ్ళు బండల మీద పడి దూకుడు పోగొట్టుకుని చెరువులోకి జారతాయి. డాబా పైపుల నీళ్ళన్నిటినీ ఒక చిన్న కాలువలోకి మళ్ళించి, ఒకే ఒక్క రాళ్ళ జాలుతో కిందికి దించాం.

మృగశిర

తొలివాన. నలభై నిమిషాలు పడింది. గొడుగు పట్టుకుని ఒడ్డు మొత్తం నడిచాను. వల కింద మట్టి కదల్లేదు. బాగుచేయని తూర్పు ఒడ్డు మీద ఆ సాయంత్రమే రెండుచోట్ల పెళ్ళలు విరిగాయి. ఇక నాటడమే మిగిలింది.

వట్టివేరు పిలకలు ముందే కట్టలుగా తెచ్చి, బురదలో ముంచి ఉంచాం. ఈ గడ్డి వేరు పక్కలకు పాకదు, నిట్టనిలువుగా దిగుతుంది. అనుకూలమైన నేలలో మొదటి ఏడాదిలోనే రెండు మీటర్లు దాటుతుంది. అంటే నెర్రె దిగే లోతును దాటి ఇంకా కిందికి. కొన్నాళ్ళు నీళ్ళలో మునిగినా చావదు. దక్షిణ భారతంలో వేర్ల కోసం పండించే రకానికి మొలకెత్తే విత్తనం రాదు కాబట్టి నాటిన చోటే ఉంటుంది, పాకి పొలాల్లో కలుపు కాదు. వాలు మీద మూడు వరసలు, అన్నీ ఒకే మట్టంలో అడ్డంగా. పిలకకు పిలకకు మధ్య ఒక అరచెయ్యి దూరం. మధ్య ఖాళీల్లో గరిక. నీటి అంచున వావిలి కొమ్మలను బొటనవేలి లావున కోసి, రెండొంతులు మట్టిలో ఉండేలా దించాం. కొమ్మ తలకిందులు కాకుండా చూడడానికి, కింది కొసను ఏటవాలుగా, పై కొసను అడ్డంగా కోశాం. అరుగు మీద తుంగ, వస, పొన్నగంటి. గట్టు మీద ట్రాక్ పక్కన కానుగ, తెల్లమద్ది మొక్కలు.

జమ్ము వేద్దామని కొందరు అన్నారు. అది ఒడ్డును గట్టిగా పట్టుకుంటుంది, నిజమే. కానీ ఇంత చిన్న చెరువులో కొన్నేళ్ళకు మిగతా మొక్కలకు చోటు లేకుండా చేస్తుంది. వద్దన్నాను. గుర్రపుడెక్క కనిపిస్తే ఆ రోజే తీసేయాలని తోటమాలికి చెప్పాం. గడ్డిమందు డబ్బాలు స్టోరు రూములోంచి తీయించేశాం.

ఆగస్టు

గేదెలు పడ్డాయి. లేత వట్టివేరు ఆకు వాటికి మంచి మేత. ఉత్తరం చివర ఒక వరసంతా మొదళ్ళ దాకా మేసేశాయి. అంతకంటే నష్టం గిట్టల వల్ల జరిగింది. తడి వాలు మీద గిట్ట దిగిన చోటల్లా వల చిరిగింది. బాబాయి ఇంటికి వెళ్ళాను. కోపంతోనే వెళ్ళాను. ఆయన ముందు మంచినీళ్ళిచ్చి, "వాటికి నీళ్ళ దారి మీరే మూసేశారు కదమ్మా, ఇంకెక్కడ దిగుతాయి?" అన్నాడు. ఆ మాట న్యాయమే. ఉత్తరం మూలన పన్నెండు అడుగుల వెడల్పున, గ్రావెల్ మీద బండలు పరిచి గేదెలకు రేవు వేశాం. దానికి రెండు వైపులా వెదురు దడి. ఇప్పుడు అవి అక్కడే దిగుతున్నాయి. బాబాయి మనవడు సాయంత్రాలు దడి చూసుకుంటున్నాడు. మేసిన వరస నెలలోపే మళ్ళీ చిగుర్లు వేసింది.

వినాయక చవితి

దీని గురించి నాకు వేసవి నుంచీ టెన్షన్. నిమజ్జనానికి ఏటా పడమటి ఒడ్డు మీదే దిగుతారు. కొత్త ఒడ్డు మీద ఒక్క సాయంత్రం జనం తొక్కితే మొక్కలు మిగలవు. కుర్రాళ్ళతో పండగకు ముందే కూర్చుని మాట్లాడాం. దక్షిణం వైపు తూము పక్కన మెట్లున్నాయి. దిగడం అక్కడే, మట్టి విగ్రహాలు మాత్రమే, పత్రి వేరుగా తీసి ఎరువు గుంతలో. లైట్లు, మైకు కూడా అటే పెట్టించారు. లైట్లున్న వైపే జనం నడుస్తారని వాళ్ళలో ఒకడు అన్నాడు, అలాగే జరిగింది. వరసలో ఒక్క వట్టివేరు దుబ్బు కూడా నలగలేదు. కార్తీకంలో దీపాలు వదలడానికీ ఆ మెట్లేనని ఇప్పుడే అనుకున్నాం.

అక్టోబర్, చిత్త కార్తె

అల్పపీడనం. రెండు రాత్రులు విడవకుండా వాన. చెరువు ట్రాక్ అంచు దాకా నిండింది. తెల్లారేసరికి ఫోన్లు మొదలయ్యాయి, షట్టర్ మొత్తం ఎత్తమని. నీటిమట్టం చూసే స్తంభం మీద అంగుళాల గీతలు ముందే పెయింట్ వేసి పెట్టాం. మబ్బు పట్టినప్పుడే మట్టం కొంత తగ్గించి ఉంచడం, వాన వెలిశాక గంటకు రెండంగుళాలు మించకుండా దించడం అనే లెక్క ఏఈ గారిది. తాళం ఆయన దగ్గరే. వీధుల్లో నీళ్ళు దిగుతున్నాయా లేదా చూసుకుంటూ రాత్రిదాకా ఆయన అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

నీళ్ళు దిగాక చూస్తే పడమటి ఒడ్డు దాదాపుగా నిలిచింది. పోయింది ఒకేచోట: తూర్పు వైపు పైపు నుంచి వచ్చే ధార ఎదురుగా తగిలే మలుపులో, పాతిక అడుగుల మేర కొబ్బరిపీచు దుంగ కింద మట్టి కోసుకుపోయి దుంగ వంగింది. ఆ పైపు నోటికి బండలు సరిపోలేదు. ధార ఇంత దూరం వస్తుందని నక్షాలో తేలలేదు. దుంగ తీసి, కింద కంకర ఫిల్టర్ వేసి, ఆ మలుపు మేరకు బండలు పేర్చి, వాటి సందుల్లో వావిలి కొమ్మలు దించాం. మిగతా చోట ఒక వట్టివేరు దుబ్బును పరీక్షకు తవ్వి చూశాం. నాలుగు నెలల వేరు నడుము లోతు దాటింది. ఎర్రమట్టి పొర దాటి నల్లరేగడిలోకి దిగింది. ఆ వేరు చేతిలో పట్టుకున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

లకుముకి పిట్ట కన్నం ఉన్న ముక్క పైఅంచు అడుగు మేర విరిగింది. కన్నం భద్రం. వచ్చే వేసవిలో దాని కిందా పక్కలా మాత్రమే దుంగలు వేయడానికి ఏఈ గారు ఇప్పుడు ఒప్పుకున్నారు.

నవంబర్

తూర్పు ఒడ్డుకు అంచనా మొదలుపెట్టాం. ఈసారి వట్టివేరు కొనక్కర్లేదు. పార్కు మూలన వేసిన మడిలో దుబ్బులు పిలకలుగా విడదీసే స్థితికి వచ్చాయి. ఎర్రమట్టి ఏప్రిల్‌లోపే తోలించి టార్పాలిన్ కప్పి ఉంచాలి, మేలో ధర పెరుగుతుంది. తూర్పు పైపు నోటికి బండల పరుపు ఇప్పటికి రెండింతలు చేయాలి, పూడిక తీసే పని కూడా అప్పుడే పెట్టుకోవాలి. షట్టర్ రెండో తాళం ఎవరి దగ్గర ఉండాలో ఆదివారం మీటింగులో తేలుస్తాం. గేదెల బాబాయిని కూడా రమ్మన్నాను.